క్లాసు అయిపోయాక మొదలయ్యే మా సారు

మా సారు పోయారన్న సంగతి నాకు ఫ్యాక్టరీ వాట్సాప్ గ్రూపులో తెలిసింది. దానికి ముందు వచ్చిన మెసేజి ఐసు లారీ ఆలస్యంగా వస్తుందని. ఆ వెంటనే ఇది: మన ట్రైనింగ్ మేనేజర్ గారు ఈ ఉదయం గుండెపోటుతో కాలం చేశారు. కింద వరసగా చేతులు జోడించిన బొమ్మలు. మధ్యలో స్టోర్స్‌లో పనిచేసే ఒక మహానుభావుడు బొటనవేలు పైకెత్తిన బొమ్మ పెట్టాడు. ఐసు లారీకి పెట్టబోయి దీనికి పెట్టానని తర్వాత లబోదిబోమన్నాడు. అందరూ ఆయన్ని తిట్టారు. మా సారు ఉండుంటే తిట్టేవారు కాదు. "రెండు మెసేజీలూ పక్కపక్కన పెడితే వేలు జారదా అండి? పెట్టేవాళ్ళు చూసుకోవాలి గానీ" అనేవారు.

మనిషి ఎలాంటివాడో చెప్పడానికి నిజానికి ఆ ఒక్క మాట చాలు. కానీ ఆయనకి నివాళి రాసే బాధ్యత లోకం నా భుజాల మీద పెట్టింది (లోకం అంటే మా హెచ్ఆర్ మేడం గారు) కాబట్టి వివరంగా రాస్తాను.

నరసాపురానికి దగ్గర్లో, దూరం నుంచి చూస్తే కల్యాణ మండపంలా కనిపించి, దగ్గరికొస్తే వాసన వల్ల కాదని తేలే ఒక రొయ్యల ఫ్యాక్టరీ ఉంది. చెరువులోంచి వచ్చిన రొయ్యకి తల తీసి, పొట్టు ఒలిచి, గడ్డకట్టించి, డబ్బాలో పెట్టి ఓడ ఎక్కించడం మా వృత్తి. అందులో ఆయన ట్రైనింగ్ మేనేజరు. నేను ఆయన అసిస్టెంటుని. అంటే ప్రొజెక్టరు మోసేవాణ్ణి, గ్రూపు ఫొటోలో అందరూ కళ్ళు తెరిచారో లేదో చూసేవాణ్ణి. ఇందుకోసం నన్ను ఎంబీఏ దాకా చదివించిన మా నాన్నగారికి ఈ సందర్భంగా నా కృతజ్ఞతలు.

ట్రైనింగ్ అనేది కంపెనీల్లో ఒక వ్రతం. పీట మీద కలశం ఉండాల్సిన చోట ల్యాప్‌టాప్ ఉంటుంది. పట్నం నుంచి వచ్చిన ఆయన చేతిలో రిమోట్ పట్టుకుని కథ చదువుతాడు. మనం అక్షింతలు పట్టుకున్నంత భక్తిగా పెన్నులు పట్టుకుని వింటాం. ప్రసాదం సమోసా. ఆఖర్న ఫొటో, సర్టిఫికెట్. తర్వాత లేచి వెళ్ళి, నిన్న ఏం చేశామో ఈ రోజూ సరిగ్గా అదే చేస్తాం. పుణ్యం మాత్రం ఖాతాలో పడుతుంది.

మా సారు ఇదంతా ఓపిగ్గా జరగనిచ్చేవారు. బ్యానరు ఊడదీశాక, పట్నం ఆయన్ని రైలెక్కించాక, అప్పుడు మొదలయ్యేవారు. ఒక ఎర్ర ప్లాస్టిక్ కుర్చీ తనే మోసుకుంటూ ఫ్లోర్ మీదికి, అంటే రొయ్యలు ఒలిచే హాల్లోకి, వచ్చేవారు. లోపలికి వచ్చే ప్రతి మనిషీ గుమ్మం దగ్గర మందునీళ్ళలో గంబూట్లు ముంచి రావాలి. ఆయన తన బూట్లతో పాటు కుర్చీ కాళ్ళు కూడా నాలుగూ ముంచేవారు. మనిషి పొట్టి. గంబూట్లు మోకాళ్ళు దాటి ఎక్కేవి. తెల్ల కోటు, తెల్ల టోపీ, మూతికి మాస్కు, ఆ మధ్యలో మసకబారిన కళ్ళజోడు. అలా కూర్చుని చూస్తూ ఉండేవారు. ఏమీ అనేవారు కాదు. ఆ ఏమీ అనకపోవడమే భరించలేకపోయేవాళ్ళు జనం.

మొదటి రోజు కుర్చీ ఒలిచే బల్లలకి ఆనించినట్టే ఉండేది. మర్నాడు కొంచెం వెనక్కి. ఆ మర్నాడు ఇంకాస్త వెనక్కి. వారం తిరిగేసరికి కుర్చీ అద్దాల అవతల వరండాలో ఉండేది. అత్తారింట్లో కూతుర్ని దింపి, బస్సు దాకా వెళ్ళి, మళ్ళీ ఏదో మర్చిపోయినట్టు వెనక్కొచ్చి చూసుకునే తండ్రిలాగా.

"సార్, అంత పట్నం ఆయన చెప్పాక మళ్ళీ మనం కూర్చోవడం ఎందుకండీ?" అని నేను చేరిన కొత్తలో అడిగాను.

"ఆయన చెప్పారు, వీళ్ళు తలూపారు. బాగుంది. తలతో రొయ్య ఒలవరు కదండీ" అన్నారు.

అందర్నీ అండీ అనేవారు. గోదావరి జిల్లాల్లో ఇదేమంత వింత కాదు, మేం దొంగని పట్టుకున్నా ముందు కూర్చోమంటాం. కానీ సారు కేసు ముదిరింది. కంప్యూటర్ ఆగిపోతే "ఏమైందండీ?" అని దాన్నే అడిగేవారు. ఫోన్లో రికార్డు గొంతు "తెలుగు కోసం రెండు నొక్కండి" అంటే "అలాగేనండి" అని నొక్కేవారు.

ఆయన దగ్గర ఒక ప్రశ్న ఉండేది. ఎవరైనా "నేర్పించినా చెయ్యట్లేదు సార్" అని ఫిర్యాదు తెస్తే, కళ్ళజోడు తీసి కోటు అంచుతో తుడుస్తూ అడిగేవారు: "తెలియక చెయ్యట్లేదా అండి, తెలిసీ చెయ్యలేకపోతున్నారా?" అది తేలేదాకా ఇంకో క్లాసు పెట్టనిచ్చేవారు కాదు.

ఒకసారి చేతులు కడుక్కోవడం మీద ట్రైనింగ్ అయింది. చేతులు కడుక్కోవడం అంటే మీరనుకునే చేతులు కడుక్కోవడం కాదు. మోచేతుల దాకా, వేళ్ళ సందుల్లో, గోళ్ళ కింద, ఆపరేషన్‌కి వెళ్ళే డాక్టరు లాగా. అందరూ క్లాసులో గాల్లో చేతులు కడిగి చూపించారు, నృత్య ప్రదర్శనలా ఉంది. ఫ్లోర్ మీద మాత్రం ఇలా తడిపి అలా వెళ్ళిపోతున్నారు. సూపర్‌వైజర్లు అరిచారు. జీఎం గారు మెమో ఇస్తానన్నారు. మా సారు కుళాయిల దగ్గర కుర్చీ వేసుకుని కూర్చున్నారు. కాసేపు చూసి, లేచి వెళ్ళి, తనే కుళాయి కింద పెడల్ తొక్కారు. ఆ కుళాయిలు చేత్తో తిప్పేవి కావు, కాలితో తొక్కితేనే నీళ్ళొస్తాయి. సారు తొక్కారు. రాలేదు. గట్టిగా తొక్కారు. రెండు చుక్కలు పడి ఆగిపోయాయి. గోడ పట్టుకుని, పెళ్ళిలో రోకలి పోటు వేసినట్టు దాని మీద ఎక్కి నిలబడ్డారు. అప్పుడొచ్చాయి.

పక్కనే ఉన్న ఒకావిడ చూసి, "మరండీ సారూ, మేం రోజంతా అలా ఎక్కి దిగితే రొయ్యలెవరు ఒలుస్తారండీ?" అంది.

సారు ఫిట్టర్‌ని పిలిపించారు. స్ప్రింగులు మార్చారు, గ్రీజు పెట్టారు. మర్నాటి నుంచి జనం మోచేతుల దాకా కడుక్కున్నారు. నెల రిపోర్టులో, ఈ నెల ఎవరెవరికి శిక్షణ ఇచ్చారు అన్న చోట, "పెడల్స్‌కి" అని రాయమన్నారు. నేను నవ్వాను. ఆయన నవ్వలేదు. రాశాను.

ఇక అసలు సంగతికి వస్తాను. మా సారు చేసిన చివరి పని అది, సగంలో వదిలి వెళ్ళిన పని కూడా అదే.

మా ఫ్యాక్టరీకి రొయ్య కంటే పెద్ద సమస్య పిన్నీసు. ఒలిచే బల్లల దగ్గర పనిచేసేది ఆడవాళ్ళు, ఎక్కువమంది ఏటి ఒడ్డునా సముద్రం ఒడ్డునా ఉండే పేటల నుంచి వస్తారు, వేటకెళ్ళే కుటుంబాలు. వాళ్ళలో పెళ్ళయినవాళ్ళకి పుస్తెలతాడుకి ఓ గుత్తి పిన్నీసులు ఉంటాయి. ఆ గుత్తిని మీరు తక్కువ చేసి చూడకండి. పైట జారినా, చెప్పు తెగినా, పిల్లాడి నిక్కరు గుండీ ఊడినా, కాల్లో ముల్లు దిగినా, మా వైపు మొదటి చికిత్స అక్కడి నుంచే జరుగుతుంది. కానీ అదే పిన్నీసు ఊడి రొయ్యల్లో పడితే, ప్యాకింగ్ చివర ఉన్న, లోహాన్ని పసిగట్టే యంత్రం కుయ్యిమంటుంది. ఒకసారి కుయ్యిమంది కూడా. ఆ రోజు ప్యాక్ చేసిందంతా విప్పి మళ్ళీ చూశాం. కొనే విదేశీ పార్టీ, ఇంకోసారి జరిగితే సరుకు తీసుకునేది లేదని చెప్పేసింది. దాంతో పట్నం నుంచి వ్రతం వచ్చింది: లోహం ఏదీ లోపలికి రాకూడదు, లైన్ లీడర్, అంటే ఒక వరస బల్లలకి పెద్ద, గుమ్మం దగ్గర నిలబడి ఒక్కొక్కరినీ చూసి పంపాలి.

ఆ లీడర్ దుర్గ. ఇంటర్ చదివి ఒలిచే బల్ల దగ్గర చేరిన పిల్ల, చెయ్యి చురుకు, బుర్ర ఇంకా చురుకు. మా సారే ఆమెని లీడర్‌గా పెట్టించారు, నెలాఖరు దాకా చూసి ఖాయం చేద్దామన్న షరతు మీద. వాళ్ళ పేట నుంచి లీడరైన మొదటి మనిషి. ఆ రోజు ఆమె సారుతో అన్న మాట నేను పక్కనుండి విన్నాను.

"ఎక్కించకపోయినా పర్లేదు సారండి. ఎక్కించి మాత్రం దింపెయ్యకండి. పేటలో తలెత్తుకోలేను."

క్లాసులో దుర్గ అదరగొట్టింది. పట్నం ఆయన నాటకం ఆడమన్నాడు: ఒకరు లీడర్, ఒకరు పిన్నీసుతో వచ్చిన మనిషి. పిన్నీసు మనిషిగా దుర్గ సొంత మేనత్తనే లేపాడు. ఆవిడదీ అదే లైను. తల్లి లేని దుర్గని ఎత్తుకుని పెంచింది ఆవిడే. ఆయనకి ఆ సంగతి తెలియదు.

దుర్గ నడుం మీద చెయ్యి వేసుకుని, "ఏమ్మా! పిన్నీసుతో లోపలికెళ్ళిపోవడమేనా? రొయ్యలకేమైనా పైట కుడతావా?" అని గద్దించింది. హాలు హాలంతా చప్పట్లు. మేనత్త నవ్వి నవ్వి కళ్ళనీళ్ళు తుడుచుకుంది. పట్నం ఆయన మురిసిపోయి, లీడర్ అంటే ఇలా ఉండాలని ఫొటో తీయించాడు. నేనే తీశాను, అందరి కళ్ళూ తెరిచే ఉన్నాయి.

మర్నాడు పొద్దున్నే గుమ్మం దగ్గర దుర్గ నిలబడింది. మేనత్త వచ్చింది. కోటు మెడ దగ్గర పుస్తెలతాడు, దానికి గుత్తి, సూర్యకాంతిలో మెరిసిపోతోంది. దుర్గ పైకప్పు వంక చూసింది. మేనత్త లోపలికెళ్ళింది. ఆ వెనక ఇంకొకావిడ, వరసకి పిన్ని. దుర్గ మళ్ళీ పైకప్పు చూసింది. ఆ పొద్దున పైకప్పుని అంత శ్రద్ధగా చూసిన మనిషి మా ఫ్యాక్టరీ చరిత్రలో లేరు.

జీఎం గారు మమ్మల్ని పిలిచారు. "చూశారా? ఆ అమ్మాయికి గొంతు లేదండి. గట్టిదాన్ని పెడదాం. లేదా ఆ అమ్మాయికే ఇంకో క్లాసు పెట్టండి."

"గొంతు లేకపోవడమేంటండీ, నిన్న హాలు దద్దరిల్లింది కదా" అన్నారు సారు. "ఆమెకి తెలుసండి. చెయ్యలేకపోతోంది. ఎందుకో చూసి వస్తాను."

ఈసారి కుర్చీ క్యాంటీన్‌కి వెళ్ళింది. మేనత్త క్యారేజీ విప్పి ఎండు మెత్తళ్ళ చేపల వేపుడు సారు కంచంలో వేసింది. ఆయన ఎవరేం పెట్టినా తినేవారు, తింటూ మాట్లాడేవారు.

"మీ మేనకోడలు లీడర్ అవడం మీకిష్టమేనా అండి?"

"అదేం మాటండీ! పేటంతా చెప్పుకున్నాను. అమ్మవారికి మొక్కుకున్నాను."

"మరి మీరే అడ్డం వస్తున్నారేంటండీ?"

మేనత్త చెయ్యి కంచం మీద ఆగిపోయింది. "నేనేం చేశానండీ? పిన్నీసులు తియ్యమంటే తీసి అవతల పారేద్దును. తియ్యమందా? నోరు తెరవదే!"

"ఎలా తెరుస్తుందండి? ఆ మెడ పట్టుకుని వేలాడి పెరిగిన పిల్ల. ఆ మెడలో ఉన్న తాడు వంక వేలెత్తి చూపించమంటున్నాం మనం. మీ అత్తగారి మెడ మీరెప్పుడైనా వెతికారా అండి?"

"అమ్మో" అంది మేనత్త, పోయిన అత్తగారు ఎక్కడో వింటున్నట్టు గొంతు తగ్గించి. "నాటకంలో అన్నాది కదండీ మరి?" అంది.

"నాటకంలో ఎవరినైనా అనొచ్చు కదండీ."

ఆవిడ ఆలోచించింది. నేనూ ఆలోచించాను. మెత్తళ్ళ గురించి, అవి నా వైపు రాలేదు.

"ఆషాఢంలో గోరింటాకు పెట్టుకుంటారు కదా" అన్నారు సారు ఉన్నట్టుండి. "పొద్దున లేచి కడుక్కున్నాక ఏం చేస్తారండి?"

"చూపించుకుంటామండి."

"ఎవరికి?"

"కనబడినోళ్ళందరికీనండి. ఎలా పండిందో చూడవే, చూడవే అనీ."

"చిన్నపిల్లలకి కూడానా?"

"ఆయ్. వాళ్ళే కదండీ నిజం చెప్పేది. నాది నల్లగా పండిందని మా దుర్గే చెప్పేది, నిక్కరేసుకున్నప్పుడు."

"మీకు కోపం వచ్చేదా?"

"అడిగింది నేనే కదండీ, కోపమెందుకొస్తాది?" అని, ఆ మాట పూర్తవుతూనే మేనత్త ఆగిపోయి సారు వంక చూసింది. సారు మెత్తళ్ళు తింటున్నారు.

మర్నాడు గుమ్మం దగ్గర మేనత్త అందరికంటే ముందుంది. కడుక్కున్న రెండు చేతులూ చాచింది. కోటు మెడలోంచి తాడు పైకి తీసి పట్టుకుంది.

"చూడవే దుర్గా. ఎలా ఉందో చెప్పు."

దుర్గ పైకప్పు వంక చూడబోయి ఆగింది. చేతులు చూసింది. తాడు చూసింది. గొంతు సర్దుకుంది.

"చేతులు బాగున్నాయత్తా. ఆ గుత్తి తీసేస్తే..." ఇంకేమనాలో తెలియక, "ఇంకా బాగుంటాది" అంది.

"అలాగేనే" అని మేనత్త గుత్తి విప్పి పక్కనున్న స్టీలు గిన్నెలో వేసి, వెనక్కి తిరిగి లైను మొత్తానికి వినబడేలా, "రండర్రా, చూపించుకోండి! పోటీ ఏం కాదు!" అంది. పోటీ కాదన్నాక పోటీ కాకుండా ఎలా ఉంటుంది? పిన్ని వరసావిడ చేతులు చాచి, "మీ అత్త చేతుల కంటే శుభ్రంగా ఉన్నాయా లేదా, నిజం చెప్పు" అని నిలదీసింది. గిన్నె నిండింది. ఆ పొద్దున దుర్గ ఒక్కరినీ ఆపలేదు, గద్దించలేదు. అడిగినవాళ్ళకి జవాబు చెప్పింది, అంతే. వారం తిరిగేసరికి ఆ జవాబులు చిన్నవయ్యాయి, గట్టివయ్యాయి. "గోరు, పిన్నీ." "జడపిన్ను, అక్కా." "సరే, పదండి." గుమ్మం పక్కన వేసిన సారు కుర్చీ అప్పటికి వరండాలోకి వెళ్ళిపోయింది.

జీఎం గారికి మాత్రం నచ్చలేదు. న్యాయంగా చెప్పాలంటే ఆయన అన్నదీ తీసిపారెయ్యాల్సిన మాట కాదు. "ఇది పేరంటంలా ఉందండి. వాళ్ళు చూపిస్తున్నారు కాబట్టి ఈ అమ్మాయి చూస్తోంది. చూపించని మనిషి వస్తే? అప్పుడు ఆపగలదా? ఆపలేనివాళ్ళు లీడర్ ఎలా అవుతారు?"

"చూపించని మనిషి వచ్చిన రోజు చూద్దామండి" అన్నారు సారు.

నెలాఖరు ఇంకా రాలేదు. సారు పోయారు.

ఆ రోజు నరసాపురంలో వాళ్ళింటికి ఫ్యాక్టరీ బస్సులో అందరం వెళ్ళాం. సారు వాళ్ళావిడ దగ్గర ఆడవాళ్ళు కూర్చున్నారు. ఆవిడ వాళ్ళని ఓదారుస్తున్నట్టు మాట్లాడుతున్నారు. "నాకు కారు నేర్పించారమ్మా. డ్రైవింగ్ స్కూల్లో నేర్చుకుని వచ్చి ముట్టుకోకుండా కూర్చుంటే, రోజూ కూరగాయలకి నన్నే నడపమని పక్కన కూర్చునేవారు. ఒక్క మాట అనేవారు కాదు. కుడికాలు మాత్రం కిందకి నొక్కుతూనే ఉండేవారు. అటువైపు బ్రేకే ఉండదు." నవ్వబోయి ఏడ్చారు. దుర్గ గుమ్మం పక్కన గోడకి ఆనుకుని నిలబడింది. ఏడవలేదు. ఏం ఆలోచిస్తోందో నాకు తెలుసు. ఆమెని ఎక్కించిన మనిషి లేరు.

మర్నాడే జీఎం గారు నన్ను పిలిచారు. "ఆయన పోయారు, పాపం, చాలా మంచివారు. కానీ ఆయన ప్రయోగాలన్నీ మనం మొయ్యలేం. రాజమండ్రి నుంచి ఒక సూపర్‌వైజర్‌ని మాట్లాడాను. ఎండీ గారు రేపు ఫ్లోర్ మీదకి వస్తున్నారు, అందరితో సంతాపం చెప్పడానికి. అది అయిపోయాక ఆ అమ్మాయిని బల్ల దగ్గరికి పంపేద్దాం. ఈలోగా కావాలంటే ఇంకో క్లాసు పెట్టు, నేర్పకుండా దింపేశారేంటని రేపు ఎవరూ అడగకూడదు."

"ఆమెకి తెలుసు సార్" అన్నాను. ఆ మాట నా నోట్లోంచి సారు గొంతుతో వచ్చిందేమోనని అనుమానం. కళ్ళజోడు లేకపోవడం వల్ల తుడుచుకోలేకపోయాను.

సాయంత్రానికల్లా పేట దాకా తెలిసిపోయింది. దుర్గ మర్నాడు మామూలుగా వచ్చి మామూలుగా గుమ్మం దగ్గర నిలబడింది. లైను మొత్తం చేతులు చూపించుకుని లోపలికెళ్ళింది.

ఆ తర్వాత ఎండీ గారు వచ్చారు. పెద్దమనిషి, ఎవరినీ నొప్పించని మనిషి, నెమ్మదస్తుడు. తెల్ల కోటు, టోపీ, గంబూట్లు అన్నీ వేసుకున్నారు. చేతులకి మాత్రం ఉంగరాలున్నాయి. పగడం, కెంపు, పుష్యరాగం, ఇంకా నాకు పేర్లు తెలియనివి. సిద్ధాంతి గారు చెప్పిన రోజున తొడిగారు, మళ్ళీ తీయలేదని ఫ్యాక్టరీ అంతా చెప్పుకునేవారు. ఆయన వెనక జీఎం గారు, ఆ వెనక నేను. లోపల జనం బల్లల దగ్గర చేతులు ఆపి, ప్లాస్టిక్ తెరల సందుల్లోంచి చూస్తున్నారు.

ఎండీ గారు గుమ్మం దగ్గరికి వచ్చారు. దుర్గ అడ్డం లేదు, పక్కకీ లేదు. సరిగ్గా ఉండాల్సిన చోట ఉంది. ఆయనకి ఈ చూపించుకునే పద్ధతి తెలియదు. తెలిసే అవకాశం కూడా లేదు. జీఎం గారు దుర్గ వంక చూసి, పక్కకి జరగమని కళ్ళతో సైగ చేశారు. ఇంకెవరైనా అయితే జరిగేవారు. నేనైతే ఎప్పుడో జరిగి, తలుపు కూడా తీసి పట్టుకునేవాణ్ణి.

దుర్గ జరగలేదు. పైకప్పు వంక చూడలేదు. తన రెండు చేతులూ చాచి ఆయన ముందు పెట్టింది.

"చూడండి సారూ. నావి బాగున్నాయా అండి?"

ఎండీ గారు తెల్లబోయారు. మంచి మనిషి కాబట్టి వంగి చూశారు. తడి ఇంకా ఆరని చేతులు, కత్తిరించిన గోళ్ళు, ఒక్క గాజు కూడా లేదు. "చాలా బాగున్నాయమ్మా" అన్నారు. దుర్గ చేతులు దింపలేదు. ఆయన ఆ చేతుల వంక ఇంకాసేపు చూశారు. అప్పుడు తన చేతులు చూసుకున్నారు.

"మరి నావి?" అన్నారు, మెల్లగా.

"ఉంగరాలు తీస్తే బాగుంటాయండి."

జీఎం గారి నోరు తెరుచుకుని అలాగే ఉండిపోయింది. ఎండీ గారు కుళాయి దగ్గరికి వెళ్ళారు. ఉంగరాలు ఒక పట్టాన రాలేదు. సబ్బు రాసుకుని, వేళ్ళు తిప్పి తిప్పి, ఒక్కొక్కటే తీసి గిన్నెలో వేశారు. పుష్యరాగం చివరిదాకా మొండికేసింది. వెనక జీఎం గారు చప్పుడు చేయకుండా తన వాచీ విప్పడం నేను చూశాను.

"ఈ అమ్మాయి ఎవరండి?" అన్నారు ఎండీ గారు, తల తిప్పకుండా.

జీఎం గారు వాచీ జేబులో వేసుకున్నారు. "మన లైన్ లీడర్ అండి" అన్నారు.

ఎండీ గారు తిరిగి వచ్చి, దుర్గ ముందు రెండు చేతులూ చాచి నిలబడ్డారు. ఉంగరాలున్న చోటల్లా వేళ్ళ చుట్టూ తెల్లటి చారలు, ఏళ్ళ తరబడి ఎండ తగలని చర్మం, చంటిపిల్లల చేతిలా మెత్తగా. దుర్గ తొందరపడలేదు. ఒక్కో వేలూ తిప్పి, గోళ్ళ కింద కూడా చూస్తోంది.